బాపు ముక్కు దగ్గర రంధ్రం

ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు మా అత్తమ్మ చాయ్‌లో బిస్కెట్ ముంచుకుంది. సరిగ్గా అప్పుడే నేను ఆమె పక్కన కూర్చుని, చనిపోయిన మా బాపు గొంతును గోటితో గీకి పారేస్తున్నాను. ఆ సంగతి నాకు తెలియదు. బాపుకు ముక్కు పెడుతున్నాననుకుంటున్నాను. ఇంతకంటే పెద్ద విధ్వంసం మా ఇంటావంటా జరగలేదు కాబట్టి మొదటి నుంచి చెబుతాను.

మా బాపు, అంటే మా నాన్న, స్టేషన్ ఘన్‌పూర్‌లో దర్జీ. ఆయన పోయి అప్పటికి తొమ్మిది రోజులు. పోకముందు ఒక మధ్యాహ్నం ఆయన మాటలు నలభై నిమిషాలు నా ఫోనులో రికార్డు చేశాను. ఫోనులో జాగా లేక, వాటిని కంప్యూటర్లో వేసి ఫోను ఖాళీ చేశాను. బాపు అక్క, అంటే మా అత్తమ్మ, గార్ల నుంచి వచ్చి మాతోనే ఉంది. ఆమెకు చూపు సరిగా ఆనదు.

"ఫోటో నాకేం అక్కెరకొస్తదిరా, కండ్లు కనవడవాయె. మా తమ్ముని మాటియ్యి. పదకొండు దినాలు కాంగనే గార్లకు పోత. ఆడ మా బిడ్డింట్ల డిస్కులేసే డబ్బా ఉన్నది."

ఆమె అడిగింది అదొక్కటే. నేను ఐదు డిస్కులు చేద్దామనుకున్నాను. అత్తమ్మకు, చెల్లెకు, ఇద్దరు బాబాయిలకు, నాకు.

డిస్కు రాయడాన్ని ఇంగ్లీషులో బర్న్, అంటే కాల్చడం అంటారు. ఆ పని చేసే సాఫ్ట్‌వేర్ మనిషిని ఇన్ని ప్రశ్నలు అడుగుతుందని నాకు తెలియదు. వేగం ఎంత అంది. డిస్కును ముగించాలా అంది. ఐదూ రాసిన తర్వాత అసలు ఫైలు తీసేయాలా అంది. అదంతా ఇంగ్లీషులో, పోలీసు అడిగినట్టు అడిగింది. ఎనిమిది ప్రశ్నలకూ అవునన్నాను. కాదంటే ఏమవుతుందోనని భయం.

"ఏం జేస్తున్నవ్ రా అంత సేపు?" అంది అత్తమ్మ.

"బాపు మాటల్ని డిస్కులల్ల కాలుస్తున్న అత్తమ్మా."

"అయ్యో! ఒక్కసారి కాల్చింది సాలలేదా?"

అందరి ఇళ్లలో డిస్కు రాస్తారు. మా ఇంట్లో మాత్రం దానికి ముందు పావుగంట ఏడుపు, ఆ తర్వాత పావుగంట వివరణ.

ఐదూ సరిగ్గానే వచ్చాయి. ఒక్కొక్కటీ వేసి విన్నాను. అక్కడితో ఆగిపోతే ఈ కథే లేదు. నాకు ఆడంబరం పడదు. చౌరస్తాలో సంతాప ఫ్లెక్సీ కడతామంటే వద్దన్నాను. అలాంటి మనిషిని, డిస్కుకు లేబుల్ చేయడానికి రెండు రోజులు కూర్చున్నాను. అంచుకు పూలు పెట్టాను, తీశాను. అక్షరాలను పెళ్లికూతురిని ముస్తాబు చేసినట్టు పదకొండు రకాలుగా మార్చాను. చివరికి బాపు ముఖం నిండుగా, నడిమధ్యలో పెట్టాను.

లేబుల్ కాగితాల కోసం బస్సెక్కి జనగామ పోయాను. జిరాక్స్ షాపతను అక్కడే అచ్చు వేసిచ్చి ఒక మాట చెప్పాడు.

"అన్నా, ఒక్కసారి అంటిస్తె అంతే. మల్ల తియ్యరాదు."

"తీస్తె ఏమైతది?"

"తియ్యరాదంటున్న గదనే."

జిగురు గట్టిదని గొప్ప చెప్పుకుంటున్నాడనుకున్నాను.

ఇంటికి వచ్చి ఐదూ అంటించాను. డిస్కు మధ్యలో రంధ్రం ఉంటుందని నాకు తెలుసు. లేబుల్ మధ్యలో కూడా గుండ్రంగా కోసి ఉంటుందనీ తెలుసు. బాపు ముఖం నడిమధ్యలో పెట్టిందీ నేనే. ఈ మూడు సంగతులూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేదు.

మా చెల్లె సుజాత చూసి, "అన్నా, బాపు ముక్కేది?" అంది.

అప్పుడు చూశాను. ముక్కు లేదు. కళ్ల కింద రంధ్రం, రంధ్రం కింద మీసం.

ఈలోగా అత్తమ్మ తన డిస్కు అడిగి తీసుకుంది. మీద బాపు ఫోటో ఉందని సుజాత చెప్పగానే చేత్తో తడుముకుంది. "గీ బొక్కేందిరా?" అంటూనే నుదుటి చోటు వెతికి పసుపు పెట్టి, దాని మీద కుంకుమ పెట్టి, ఒక చామంతి పువ్వు పెట్టి, గోడ దగ్గర బాపు పటం ముందు ఉంచింది.

"అత్తమ్మా, అది మిషిన్ల వెట్టేది. బొట్టు వెడ్తే ఖరాబైతది. ఇటియ్యి, లేబుల్ మారుస్త."

"బొట్టు వెట్టినంక దినాలయ్యేదాక ముట్టద్దు. నువ్వు సదువుకున్నవ్ గని తెల్వదాయె."

చాదస్తం అని మనసులో అనుకుని, మిగతా నాలుగింటి దగ్గర కూర్చున్నాను. అప్పుడే ఆ పదకొండు గంటల పది నిమిషాలు.

మొదటి లేబుల్ అంచు గోటితో లేపి లాగాను. హాయిగా వచ్చింది. దానితోపాటు డిస్కు మీది వెండి పొర కూడా వచ్చింది. చేతిలో మిగిలింది గాజు బిళ్ల లాంటిది. కంటి ముందు పెట్టి చూస్తే అందులోంచి బిస్కెట్ తింటున్న అత్తమ్మ కనిపించింది. ఈ డిస్కు నాసిరకం అనుకుని రెండోది లాగాను. మూడోది మెల్లగా లాగాను. నాలుగోది ఎందుకు లాగానో ఈనాటికీ తెలియదు.

"మాటలు లోపల ఉంటయి గదా?" అన్నాను సుజాతతో.

"లోపలంటె ఏడ అన్నా? అవతలి గోడ కనవడుతున్నది."

మాటలు ఉండేది ఆ వెండి పొరలోనే అని అప్పుడు వెలిగింది. కంప్యూటర్ దగ్గరికి పరుగెత్తాను. ఫైలు లేదు. ఎనిమిది అవునుల్లో ఒకటి దాన్ని తీసుకుపోయింది. ఇక బాపు గొంతు ఈ భూమ్మీద ఒక్కచోటే ఉంది, కుంకుమ కింద, చామంతి పువ్వు వెనక.

"అత్తమ్మా, జర ఒక్కసారి ఇయ్యవా? పని చేస్తదో లేదో చూసిస్త."

"దినాలు కానియ్యి."

ఆ రెండు రోజులు నేను అన్నం సరిగ్గా తినలేదు. చుట్టాలు చూసి, "కొడుకు మస్తు పరేషానున్నడు పాపం" అన్నారు. పటం ముందు దీపం డిస్కు వైపు వంగినప్పుడల్లా నేను లేచి నిలబడ్డాను. సుజాత నా పక్కనుంచి పోతూ, "కడమ నాలుగు గూడ అత్తమ్మకే ఇస్తే అయిపోతుండె" అనేది.

పదకొండో రోజు భోజనాలయ్యాక అత్తమ్మ తన చేత్తో డిస్కు తెచ్చింది. పక్కింటి నుంచి అడిగి తెచ్చిన డిస్కులేసే డబ్బాలో పెట్టాను. లేబుల్ వంకరగా ఉండటం వల్ల అది టకటకమని కొట్టుకుంది. ఆగింది. మళ్లీ తిరిగింది. అప్పుడు మా బాపు, దగ్గి, మాట్లాడాడు.

"చిన్నప్పుడు బెల్లం ముద్ద మా అక్కనే తిన్నది, దెబ్బలు నాకు వడ్డయి."

"అబద్ధం!" అంది అత్తమ్మ, డబ్బా వైపు తిరిగి. "నువ్వే తిన్నవ్ రా తమ్ముడా. నువ్వే తిన్నవ్." కొంగుతో కళ్లు తుడుచుకుంది.

బాపు మాటలు సాగుతూ ఉండగా, నడుమ నేను ఫోను సరిచేస్తున్న చప్పుడు వచ్చింది. డిస్కు రాసేముందు ఆ ముక్క కోసేయాలనుకుని, ఎట్లా కోయాలో తెలియక వదిలేశాను. బాపు విసుక్కున్నాడు.

"ఎందుకురా మాటిమాటికి ముడుతున్నవ్? కుట్టు కుదిరినంక మల్ల ఇప్పద్దు. బట్ట చినుగుతది."

ముందు సుజాత నవ్వింది. తర్వాత ఇల్లంతా నవ్వింది. నాలుగు డిస్కుల సంగతి తెలియనివాళ్లు కూడా నవ్వారు. అత్తమ్మ నా వైపు ముఖం తిప్పి, "ఇన్నవా?" అంది.

"విన్న" అన్నాను.

అదే రోజు ముక్కు లేని బాపు ముందు నిలబడి, చేయి చాచి, కుదిరినదాన్ని మళ్లీ ముట్టనని సుజాత సాక్షిగా ప్రమాణం చేశాను. ఆ డిస్కు నుంచి ఎక్కించిన గొంతు ఇప్పుడు అందరి ఫోన్లలో ఉంది, ఏ బొమ్మా లేకుండా. బొట్టు పెట్టిన డిస్కును అత్తమ్మ బతికున్నన్నాళ్లూ గార్లలో వేసుకుని, బెల్లం గురించి కొట్లాడింది.

మా ఇంట్లో అంటించినదాన్ని ఇప్పుడు ఎవరూ పీకరు.