రాత కాదు, వాలు

తొలివాన పడ్డ మట్టి వాసన గురించి చాలామంది చాలా తీయగా రాశారు. నాకు ఆ వాసన ఎప్పుడూ తీయగా ఉండదు. ఈ ఉదయం సూరత్ శివార్లలో కామ్‌రేజ్ దగ్గర మా కొత్త పని మొదలయ్యే స్థలంలో కారు దిగగానే అది ముక్కుకు తగిలింది. తెల్లవారుజామున చిన్న జల్లు పడినట్టుంది, నల్లరేగడి చెప్పులకు అంటుకుంటోంది. గేటు దగ్గర భూమిపూజకు షామియానా లేస్తోంది, బంతిపూల బుట్టలు దిగుతున్నాయి, ఎవరో నన్ను అటు రమ్మని చెయ్యి ఊపుతున్నారు. నా కాళ్లు మాత్రం అటు పోలేదు. తడిసిన రేగడి వాసన వస్తే చాలు, అవి స్థలంలో అన్నిటికంటే పల్లంగా ఉన్న మూలను వెతుక్కుంటూ పోతాయి. వాటికి ఆ నడక నేర్పింది భాగ్యలక్ష్మి గారు.

సూరత్‌లో గుజరాతీ కాంట్రాక్టర్లు ఆమెను భాగ్యబెన్ అనేవారు, తెలుగు కార్మికులు అక్కా అనేవారు, నేను మేడమ్ అనేవాణ్ణి. వాళ్ల నాన్న కరీంనగర్ వైపు నుంచి సాంచాలు, అంటే మరమగ్గాలు, నడపడానికి సూరత్ వచ్చిన మనిషి. ఆమె పుట్టింది సూరత్‌లోనే, బమ్రోలిలో, ఆ సాంచాల చప్పుడు గోడలోంచి వినిపించే ఒక్క గదిలో. గుజరాతీ బడిలో చదివి, సివిల్ ఇంజనీరై, నేను పనిచేసే ప్రభుత్వ రంగ సంస్థలోనే నాకు పై అధికారి అయ్యారు. మాది తెనాలి వైపు. కాలేజీ రోజుల నుంచీ హేతువాద సభల్లో పెరిగినవాణ్ణి. ఎదుటివాడి నోరు మూయించగలిగితే సత్యం గెలిచినట్టేనని గట్టిగా నమ్మేవాణ్ణి. సూరత్‌లో మొదటి ఉద్యోగానికి వచ్చినప్పుడు నా పెట్టెలో బట్టల కంటే కరపత్రాలే ఎక్కువ.

మొదటి రోజు బమ్రోలి దాటాక ఉన్న ఖాళీ స్థలానికి నన్ను తీసుకెళ్లారు. మా సంస్థ ఉద్యోగుల క్వార్టర్లు అక్కడ రావాలి. నేను గేటు వైపు నడుస్తుంటే ఆమె ఆపారు. "అటు కాదు తమ్మీ. జాగాను ఎప్పుడన్నా కింది నుంచి చూడాలె. పై నుంచి చూస్తే అంతా మంచిగనే కనిపిస్తది." ప్రహరీ చుట్టూ తిరిగి, ఒక మనిషి మాత్రమే పట్టే సందులోంచి వెనక వైపుకు తీసుకెళ్లారు. అక్కడ రేకుల గదుల వరస. ముందు ఒక సన్నని మోరీ, మురుగు కాలువ. ఒక గడప మీద రాజవ్వ అనే పెద్దావిడ కూర్చుని, వ్యాపారి ఇచ్చిన కొత్త చీరల వెనక వేలాడే దారాలను కత్తెరతో కత్తిరిస్తోంది. రంగురంగుల దారాల ముక్కలు ఆమె చుట్టూ పడి ఉన్నాయి. లోపల ఇటుకల మీదికి ఎత్తిన మంచం, దాని మీద ఇంకా కత్తిరించాల్సిన చీరల కట్టలు, వాటి పక్కనే రాత్రి పాళీ చేసి వచ్చి నిద్రపోతున్న ఆమె కొడుకు.

భాగ్యలక్ష్మి గారు పలకరింపులేవీ పెట్టుకోకుండా ఆమె ముందు గొంతుక్కూర్చుని అడిగారు. "రాజవ్వా, పోయిన వానకు నీళ్లు ఎక్కడిదాకా వచ్చినయి?"

రాజవ్వ కత్తెర కింద పెట్టింది. లేచి, గోడ మీద మోకాలికి కొంచెం పైన అరచెయ్యి ఆనించింది. "ఇక్కడిదాక బిడ్డా. పక్క జాగల ఎవరో బిల్డింగు తవ్విండ్రు. ఆ మట్టంత కొట్టుకొచ్చి మోరీ నిండింది. నీళ్లు ఎటు పోతయి, ఇంట్లకే వచ్చినయి. సేటు ఇచ్చిన చీరలు బురదల మునిగినయి. ఇగ వానలు ముదిరితే నాకు కట్ట ఇయ్యనన్నడు ఆ సేటు. ఏం జేస్తం, మా రాత."

"రాత కాదు రాజవ్వా, వాలు," అన్నారు ఆమె. అని, రాజవ్వ చెయ్యి పెట్టిన చోటే తన చెయ్యి కూడా పెట్టి, కాసేపు అలాగే ఉంచారు, కొలత ఒంటికి ఎక్కించుకుంటున్నట్టు.

కర్మ సిద్ధాంతాన్ని ఖండిస్తూ నేను గంటల తరబడి మాట్లాడిన సభలు ఉన్నాయి. ఒక్క సభలోనూ ఆ మూడు మాటలంత పని జరగలేదు. పేదవాడు రాత అంటాడు, ఉన్నవాడు ప్రకృతి వైపరీత్యం అంటాడు. ఇద్దరి మాటల మధ్యా మట్టిని తవ్వి వదిలేసినవాడు నిక్షేపంగా తప్పించుకుంటాడు. గడ్డి పరక మొలిచిన నేలను వాన ఏమీ చెయ్యలేదు, దాని వేళ్లు మట్టిని పట్టుకుని ఉంటాయి. ఆ పై పొరను గీకిపారేసిన రోజే మట్టికి కాళ్లొస్తాయి. అది ఎటు నడుస్తుందో చెప్పడానికి జాతకం అక్కర్లేదు.

మాకు వచ్చిన అనుమతి పత్రం వెనక స్థానిక షరతులు కొన్ని ఉండేవి. నేలను కదిలించే ముందు పల్లపు వైపున నీళ్లు నిలిచే గుంత తవ్వాలి. బురదనీళ్లు అందులో ఆగి, మట్టి అడుక్కి దిగి, పైనున్న పలచని నీళ్లు మాత్రమే బయటికి పోవాలి. గుంతకు అవతల గుడ్డ కంచె కట్టాలి. తవ్విన మట్టి కుప్పల మీద టార్పాలిన్ పట్టా కప్పాలి. లారీ రోడ్డెక్కే ముందు చక్రాలు కడగాలి. చదివితే వంటింటి పనుల్లా ఉంటాయి. బహుశా అందుకే ఎవరూ చదవరు, సంతకం పెట్టి లోపల పెట్టేస్తారు. భాగ్యలక్ష్మి గారు మాత్రం మా కాంట్రాక్టర్ కాంతిభాయ్‌ని కూర్చోబెట్టి ఒక్కొక్కటీ పైకి చదివి వినిపించారు. ప్రతిదానికీ ఆయన "చాల్‌శే బెన్, చాల్‌శే" అన్నాడు. నడిచిపోతుందిలే అని అర్థం. చదవడం అయ్యాక ఆమె ప్రశాంతంగా "నహీఁ చాలే" అన్నారు. నడవదు.

చిక్కు వాస్తు దగ్గర వచ్చింది. మా స్థలంలో పల్లం నైరుతి మూల. ఆ మూల ఎత్తుగా, బరువుగా ఉండాలట, గుంత పనికిరాదట. కాంతిభాయ్ వెంట ఒక శాస్త్రీజీ వచ్చాడు, తెల్లటి ధోవతి, చల్లటి నవ్వు. మాటలన్నీ హిందీలో గుజరాతీలో నడిచాయి గానీ నా జ్ఞాపకంలో అవి తెలుగులోనే వినిపిస్తాయి.

"బెన్, నైరుతిలో గుంత తీస్తే యజమాని బతకడంట," అన్నాడు కాంతిభాయ్ దిగులుగా.

"యజమాని సర్కారు కదా కాంతిభాయ్. సర్కారుకు ఏం కాదు, నువ్వు ఫికర్ చెయ్యకు."

నా రక్తం అప్పటికే ఉడుకుతోంది. దిక్కులకు దోషాలేమిటి, భూమి గుండ్రంగా ఉన్నప్పుడు మూలలెక్కడివి అని మొదలుపెట్టాను. శాస్త్రీజీ కోపగించుకోకుండా తల ఊపుతూ విన్నాడు. అది నన్ను ఇంకా రెచ్చగొట్టింది. నా ఉపన్యాసం మంచి పట్టులో ఉండగా మేడమ్ నా మోచెయ్యి తాకారు. "తమ్మీ, జర ఆగు. టాంకర్ వచ్చింది."

దుమ్ము లేవకుండా చల్లే నీళ్ల టాంకర్ అది. స్థలం పై కొసన దాన్ని నిలబెట్టి గొట్టం విప్పించారు. కింద ప్రహరీకి రంధ్రం ఉన్నచోట ముందుగానే ఇసుక బస్తాలు అడ్డం వేయించి ఉంచారు, చుక్క బయటికి పోకుండా. నీళ్లు ముందు నేలలో ఇంకాయి. తర్వాత చిన్న పాయలయ్యాయి, పాయలు కలిశాయి, కలిసిన నీళ్లు రేగడి రంగు పోసుకుని మా చెప్పుల మధ్యనుంచి వంకర్లు తిరుగుతూ కిందికి సాగాయి. కాంతిభాయ్, శాస్త్రీజీ, నేను, పొక్లెయిన్ డ్రైవరు, అందరం పెళ్లి ఊరేగింపు వెనక నడిచినట్టు ఆ నీళ్ల వెనక నడిచాం. అవి నేరుగా నైరుతి మూలకు పోయి బస్తాలకు ఆనుకుని నిలబడ్డాయి, నల్లగా, చిక్కగా.

"శాస్త్రీజీ," అన్నారు భాగ్యలక్ష్మి గారు ఎంతో మర్యాదగా, "గుంత ఎక్కడ తియ్యాల్నో నేను చెప్పలేదు. నీళ్లు వచ్చి కూసున్నయి. మీరు లేపితే లేస్తయేమో చూడుండ్రి."

ఆయన ఆ మడుగును చాలాసేపు చూశాడు. చివరికి నవ్వాడు. "ఇల్లు కట్టాక పూడ్చేస్తారు కదా బెన్. తాత్కాలికమైన గుంతకు దోషం లేదు."

గుంత తవ్వారు. నాకు మాత్రం మింగుడు పడలేదు. శాస్త్రం తప్పని ఒప్పుకోకుండా ఏదో సాకు చెప్పి జారుకున్నాడు, మీరు వదిలేశారు అని తిరుగు దారిలో ఆమెతో వాదించాను. ఆమె కూడలిలో ఆగి చెరుకురసం ఇప్పించి అన్నారు. "ఆయన ఓడిపోతే నాకేం వస్తది తమ్మీ? నాకు గుంత కావాలె, వచ్చింది. నీకు ఆయన ఓటమి కావాలె. రాజవ్వకు ఏది కావాల్నో పోయి అడుగు." అబద్ధాన్ని అబద్ధమని చెప్పి తీరాలనే ఇప్పటికీ నమ్ముతాను. కానీ ఏదైనా వాదనలోకి దిగే ముందు, ఇందులో ఎవరి గడప తడవకుండా ఉంటుంది అని నన్ను నేను ఒకసారి అడగడం ఆ చెరుకురసం బండి దగ్గర మొదలైంది.

ఆమెది మెతకదనం అని నేను అనుకున్న ఆ నెమ్మది వెనక ఏముందో భూమిపూజ నాడు చూశాను. ప్రధాన కార్యాలయం నుంచి పెద్ద సాహెబు వచ్చి మొదటి పార వెయ్యాలి. ఆ వెంటనే పనిలోకి దిగడానికి పొక్లెయిన్లు వరసగా నిలబడి ఉన్నాయి. పొద్దున్నే మేం వెళ్లేసరికి గుంత లేదు. అతిథుల కార్లు నిలపడానికి కాంతిభాయ్ దాన్ని పూడ్పించి, చదును చేసి, సున్నంతో గీతలు కూడా గీయించాడు. గుడ్డ కంచె చుట్ట చుట్టి ఒక మూల పడేశారు.

"రేపు మళ్లీ తవ్విస్తా బెన్. ఒక్క రోజు. ఆకాశం చూడు, మబ్బు తునక లేదు."

"తవ్వు. ఇప్పుడు."

ఆమె పొక్లెయిన్ డ్రైవరును పిలిచి సున్నం గీతల మధ్యకు తీసుకెళ్లారు. అది తవ్వుతుండగానే పెద్ద సాహెబు కారు దిగాడు. మెళ్లో దండతో, ముఖం ఎర్రగా చేసుకుని అక్కడికే వచ్చాడు. ఇది లాంఛనం మాత్రమే, నేను వేసేది ఒక్క పార మట్టి అన్నాడు. ఈ రోజు వాన వస్తుందని మీకు ఎవరైనా చెప్పారా అని కూడా అడిగాడు.

"వాన రాదు సార్. నాకు తెలుసు," అన్నారు భాగ్యలక్ష్మి గారు. "కానీ మీ పార తర్వాత ఈ బండ్లన్నీ దిగుతయి. దిగినంక గుంత కోసం ఎవరూ ఆగరు. వాన వచ్చే రోజు చూసి తవ్వుడు అయితే ఈ షరతు ఎవరూ రాసేటోళ్లు కాదు. పని మొదలు పెట్టమని సంతకం నాది. గుంత అయినంక పెడుత."

గొంతు పెరగలేదు. నేను వేదికల మీద పెంచినంత గొంతులో పదో వంతు కూడా లేదు. పదోన్నతి జాబితా ఆ సాహెబు బల్ల మీదే ఉందని మాకందరికీ తెలుసు, ఆమెకు అందరికంటే బాగా తెలుసు. ఆయన షామియానాలోకి పోయి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. ఆమె ఎండలోనే నిలబడ్డారు, కొంగు తలమీదికి లాక్కుని, గుంత లోతు చూస్తూ. ముహూర్తం దాటిపోయింది. శాస్త్రీజీ పంచాంగం తిరగేసి, మధ్యాహ్నం ఇంకొకటి ఉంది, నిజానికి ఇదే బలమైనది అన్నాడు. నేను నవ్వు ఆపుకోలేక పక్కకు పోయాను. పూజలో తవ్వుతున్నందుకు భూమాతను క్షమాపణ అడిగే మంత్రం చదివారు. భూమికి నొప్పి లేదు, అది వినదు. గోడ అవతల ఉన్న మనిషిని అడిగితే వింటుంది. ఆ రోజు అక్కడున్న అందరిలో ఆ మనిషిని అడిగి వచ్చింది ఒక్కరే అనిపించి, నవ్వు దానంతటదే ఆగిపోయింది.

వాన ఆ రోజు రాలేదు. కాంతిభాయ్ ఎదురుపడినప్పుడల్లా "భాగ్యబెన్, మీ వాన దారి తప్పిందా?" అనేవాడు. ఆమె "వస్తది, గుంత నోరు తెరిచి కూసుంది" అనేవారు. అప్పటికి సగం స్థలం గడ్డి పోయి నల్లగా బోసిగా ఉంది. వచ్చింది ఒక మధ్యాహ్నం, భోజనాల వేళ, ముందు గాలి, ఆ వెంటనే తెరలు తెరలుగా. మేమిద్దరం సందులోంచి వెనక్కు పరుగెత్తాం. రాజవ్వ గడప మీద నిలబడి ఉంది, గోడ మీద పాత గుర్తుకు అరచెయ్యి ఆనించి. మోరీలో నీళ్లు పారుతున్నాయి, కాస్త మసకగా, కానీ పారుతున్నాయి. ఆమె కత్తిరించిన దారాల ముక్కలు, ఎర్రవి, పచ్చవి, వాటి మీద తేలుతూ ఎక్కడా చిక్కుకోకుండా పోతున్నాయి. గడప పొడిగా ఉంది.

వాన తగ్గాక రాజవ్వ గోడ మీంచి చెయ్యి తీసింది. అప్పటికి నా హేతువాదం ఆమె చాలాసార్లు వింది. "దేవుడు సల్లగ సూసిండు అంటె మీ సారు ముఖం మాడ్చుకుంటడు," అంది భాగ్యలక్ష్మి గారితో, నన్ను ఓరగా చూస్తూ. "మీ గుంతనే సల్లగ సూసింది, సరేనా?"

నేను ఎన్నో సభల్లో చప్పట్లు అందుకున్నాను. ఒళ్లు గగుర్పొడిచింది మాత్రం అక్కడే. భాగ్యలక్ష్మి గారు తిరిగి స్థలంలోకి వచ్చి గుంతలోకి ఒక పొడవాటి కర్ర దించి, పైకి తీసి, దానికి ఎంతవరకు బురద అంటిందో చూశారు. ఆ ముఖంలో గెలుపు లేదు. "సగం నిండింది తమ్మీ. రేపే తోడిపియ్యాలె. మల్ల వాన వస్తది." అంతే. గుంత తవ్వడంతో నియమం అయిపోదు. నిండినప్పుడల్లా ఖాళీ చెయ్యాలి. ఆ మాట కూడా షరతుల్లో ఉంది, చివరన. నేను అక్కడిదాకా చదవలేదు.

ఆ వానాకాలం వెళ్లాక ఆమె పేరు పదోన్నతి జాబితాలో రాలేదు. స్థలాలతో సంబంధం లేని ఒక బల్ల దగ్గరికి మార్చారు, పదవీ విరమణ దాకా అక్కడే ఉంచారు. మార్చిన రోజు నేను రగిలిపోయి, దీని గురించి పత్రికలకు రాస్తాను అన్నాను. ఆమె సామాన్లు సంచిలో సర్దుకుంటూ అన్నారు. "రాయి. నా గురించి రాయకు, మోరీ గురించి రాయి. నేను ఎక్కడన్నా బతుకుత." నేను ఇన్నేళ్లూ రాయలేదు. ఇప్పుడు రాస్తూ కూడా ఆమె మాట సగమే పాటించాను.

ఈ ఉదయం కామ్‌రేజ్‌లో పల్లపు మూల ఆగ్నేయంలో ఉంది. అక్కడా ఒక రేకుల ప్రహరీ, దాని వెనక సందు, సందులో గదులు. షామియానాలోంచి మైకులో నా పేరు పిలుస్తున్నారు. సందులో ఒకామె బిందె తోముతోంది, తెలుగామె కాదు, ఏ ఊరో తెలియదు. నన్ను చూసి, పూజ అటువైపు సాబ్, దారి తప్పారు అంది హిందీలో. తప్పలేదన్నాను. ఆమె ముందు గొంతుక్కూర్చుని, పోయిన వానకు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయని అడిగాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. బిందె పక్కన పెట్టింది. లేచి, తడి చేతిని కొంగుకు తుడుచుకుని, గోడ మీద పెట్టి చూపించింది.