తాతకు తొడిగిన కోటు

జగిత్యాలలో నాది ఫ్లెక్సీల షాపు. వచ్చేవాళ్ళందరిదీ ఒకటే పాట: "అన్నా, జర రంగు పెంచు." కంప్యూటర్‌లో సాచురేషన్ అని ఒక మీట ఉంటుంది. దాన్ని కుడివైపుకి జరిపే కొద్దీ రంగులు చిక్కబడి కళ్ళలో గుచ్చుకుంటాయి. పుట్టినరోజులకూ, చీరల ఆఫర్లకూ, లీడర్ల స్వాగతాలకూ ఆ మీటను చివరిదాకా జరిపీ జరిపీ, ఇప్పుడు మా చౌరస్తాలో ఏ ఫ్లెక్సీనీ ఎవరూ చూడరు. చూడకపోయినా కట్టాల్సిందే, లేకపోతే పరువేం కాను! నాకేం, నా కడుపు నిండుతోంది.

ఆమధ్య తాత సంవత్సరీకం వచ్చింది. అంతకు ముందు నుంచే మా బాపమ్మ నా వెంట పడింది.

"అందరి మొఖాలు గంత పెద్దగ చేస్తవ్, మీ తాతది చెయ్యవారా? నాకు ఆయన మొఖం యాదికస్తలేదు."

సొంత మనిషి కదా, మామూలుగా చేస్తానా! తాత బతికినన్నాళ్ళూ తాటిచెట్లెక్కి కల్లు గీశాడు. ఏదో కార్డు కోసం దిగిన ఫొటో ఒక్కటే ఉంది. ఎండకు కమిలిన ముఖం, భుజాన తువ్వాల. ముఖం తెల్లగా చేశాను. ముడతలు తుడిచేశాను. పోయినవాళ్ళకు కోటు తొడగడం మా దగ్గర రివాజు, అందుకని నీలం కోటు, ఎర్ర టై పెట్టాను. వెనక జలపాతం, పైన పావురాలు. శభాష్ రా అని నా భుజం నేనే తట్టుకున్నాను.

ముందురోజే తెచ్చి మా ఊరు సారంగాపూర్‌లో ఇంటి ముందు కట్టించాను. బాపమ్మ తలెత్తి చాలాసేపు చూసింది. మెచ్చుకుంటుందని చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"గీయనెవలురా? ఏ పార్టీ?"

మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"తాతనే బాపమ్మా!"

"నోర్ముయ్! గీ కోటేసుకొని చెట్టెట్లెక్కిండురా మీ తాత?"

నవ్వుతూనే అంది. కానీ కళ్ళు మాత్రం ఫ్లెక్సీ అంతా వెతుకుతూనే ఉన్నాయి. ఆయన దొరకలేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అప్పటికప్పుడే బండెక్కించుకుని షాపుకి తీసుకొచ్చాను. కంప్యూటర్ ముందు పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటే తీసేశాను. పావురాలు పోయాయి. జలపాతం ఆగింది. కోటు విప్పాను. మీటను ఎడమకు లాగాను.

"ఇంక నల్లగ చెయ్యి," అంది. "గంత తెల్లగుంటే నన్నెందుకు చేసుకుంటుండే!"

ముడతలు తిరిగొచ్చాయి, తువ్వాల భుజం మీదికొచ్చింది. చివరికి నేను వేసిందేదీ మిగల్లేదు.

"ఆగు!"

బాపమ్మ చటుక్కున కొంగు నెత్తిమీదికి లాక్కుంది. స్క్రీను దగ్గరికి ముఖం పెట్టి తాతను గట్టిగా కసిరింది.

"ఏడికి పోయినవయ్యా గిన్నొద్దులు?"