ఎప్పటికి లేపమంటారు?

నాది వానాకాలం చదువు. అయిదో తరగతిలో బడి మానేసి వడ్రంగి బాడిస పట్టాను. అయినా ఈ ఊళ్లో నా చెయ్యి పడని తలుపు లేదని చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు. హైస్కూలు బల్లలు నావి. సినిమాహాలు ముందు గుమ్మం నాది. వరదకి చుట్టూ గోడలు కూలినా ఆ ద్వారబంధం అంగుళం కదల్లేదు, కావాలంటే వెళ్లి చూడండి. ఆస్పత్రి కిటికీలు నావి. కోర్టులో బోను నాది, అందులో నిలబడ్డవాళ్లు కూడా చెక్క బాగుందన్నారు. మూతబడ్డ పాత రైల్వేస్టేషన్‌ని బస చేసేవాళ్ల కోసం, ఊరివాళ్ల కోసం మళ్లీ బాగుచేసినప్పుడు చెక్కపనికి పెద్ద మేస్త్రీని నేనే.

ఇవన్నీ నా గొప్ప కోసమే చెబుతున్నాను, కాదనను. కానీ మా ఇంట్లో నన్ను మించిన పనిమంతురాలు ఒకతె ఉంది, మా చెల్లెలు. నేను చేసింది నలుగురూ తట్టి చూస్తారు. తను చేసింది చేసిన మరుక్షణం మాయమైపోతుంది. అందుకని నేనే కూర్చుని రాస్తున్నాను.

మా చెల్లెలు మనుషుల్ని నిద్రలేపేది.

ఉద్యోగం అది కాదు. ఆ స్టేషన్‌కి ఇంకా బళ్లొచ్చే రోజుల్లో వెయిటింగ్ హాలు ఊడవడం, కుండలో నీళ్లు నింపడం, తాళంచెవి దగ్గర పెట్టుకోవడం, ఇంతవరకే స్టేషన్‌మాస్టరు చెప్పింది. చేరిన కొత్తలో ఒకాయన బల్ల మీద ఒళ్లు మరిచి నిద్రపోయాడట. ఆయన ఎక్కాల్సిన బండి వచ్చింది, పోయింది. లేచి ప్లాట్‌ఫారం మీద నిలబడి, వెళ్లిపోతున్న ఆఖరి పెట్టెని చూస్తూ ఉండిపోయాడట. "అరిచినా తిట్టినా బాగుండేదన్నయ్యా. ఊరికే చూశాడు. నాకు ముద్ద దిగలేదు" అంది ఆ రోజు. మర్నాటి నుంచీ హాల్లో ఎవరు నడుం వాల్చినా దగ్గరికెళ్లి అడిగేది: "ఎప్పటికి లేపమంటారు?"

లేపడం కూడా ఒక విద్యేనని తనని చూశాకే తెలిసింది. ఒంటి మీద చెయ్యి వేసేది కాదు, కేక వేసేది కాదు. పేరు పెట్టి పిలిచినా పలకని మనిషి ఉంటాడు, వాడి సంచీ ఇంత జరిపితే చాలు, కళ్లు వాటంతటవే తెరుచుకుంటాయి. పసిపిల్లల తల్లి చెవి దగ్గర "పాప లేచిందమ్మా" అనేది. కొత్త జంటైతే గుమ్మం అవతల నుంచే దగ్గేది. పోలీసాయనకి "సారొస్తున్నారు" అంటే లేచి, కళ్లు తెరవకముందే సెల్యూట్ కొట్టాడు. తాగి పడుకున్నవాళ్ల మొహం మీదకి కిటికీ రెక్క కొంచెం కొంచెంగా తెరిచి వెలుతురు వదిలేది. వాళ్లు తిట్టుకునేది సూర్యుణ్ణి, మా చెల్లెల్ని కాదు.

స్టేషన్‌మాస్టరు తనకి 'మేలుకొలుపు' అని పేరు పెట్టాడు. ఊరివాళ్లు 'లేపే పిన్ని' అన్నారు. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు గానీ, నిద్రకి భరోసా కావాలండీ. ఎవరో ఒకరు మెలకువగా ఉన్నారన్న ధీమా ఉంటే చెక్కబల్ల కూడా పరుపే. ఏ బండీ ఎక్కనివాళ్లు కూడా ప్లాట్‌ఫారం టికెట్టు కొనుక్కుని వచ్చి, ఆ హాల్లో మధ్యాహ్నం కునుకు తీసి వెళ్లేవారు. తనకి మాత్రం ఇంటికొచ్చినా కోడికునుకే.

మా బావగారు దర్జీ. ఇవాళ ఇస్తానన్న చొక్కా రేపు ఇచ్చే రకం. ఆయనది ఎప్పుడూ ఒకటే మాట: "లోకాన్నంతా లేపుతుంది బావా, నన్ను మాత్రం లేపదు."

"మీరు ఏ బండెక్కాలి గనక?" అనేది చెల్లెలు.

తర్వాత లైను కొండ అవతలికి మార్చారు. పట్టాలు పీక్కుపోయారు. పట్టాలున్నంత మేరా గడ్డి మొలిచి, స్టేషన్ ముందు ఒక పచ్చటి దారి ఎక్కడికో వెళుతున్నట్టు మిగిలింది. వెయిటింగ్ హాలు తాళంచెవి మా చెల్లెలి కొంగునే ఉండిపోయింది, ఎవరూ అడగలేదు. రోజూ భోజనాలయ్యాక వెళ్లి తాళం తీసేది. తాడు లాగి పైనున్న గాలికిటికీలు తెరిచేది, ఊడ్చేది, గుమ్మం పక్కన కూర్చునేది. కమాను కిటికీల రంగుటద్దాల్లోంచి ఎండ నేల మీద పడి, ఎర్రగా, పసుపుగా, నెమ్మదిగా గోడ వైపు జరిగేది. గాలి వాలుగా ఉన్నప్పుడు కొండ అవతల బండి కూత వినబడేది. ఏం చేస్తున్నావే అంటే "ఏమీ లేదన్నయ్యా, హాలుకి తోడుగా ఉన్నాను" అనేది.

అలాంటి చోటికి హోటలు కంపెనీ వచ్చింది. ప్లాట్‌ఫారం ఊరివాళ్లు వాడుకోవడానికి, లోపలి భాగం బస గదులకి అని ఒప్పందం. పని చూడటానికి ఒక మేనేజరమ్మ వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. మంచి మనిషే గానీ నిలకడ లేదు. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో ఇంకో ఫోను. నడుస్తూ తినేది, తింటూ మాట్లాడేది.

నేను ముందు బల్లలు పట్టాను. ఏళ్ల తరబడి ఒకదాని మీద ఒకటి పూసిన రంగులు గీకుతూ పోతే పచ్చ, దాని కింద ఎరుపు, దాని కింద బూడిద రంగు, అట్టడుగున తేనెలాంటి టేకు. చిత్రిక పడుతుంటే చెక్క వాసన హాలంతా నిండేది. ఒక్కో బల్ల ఒక్కో పడవంత పొడుగు. అతుకు లేని చెక్క, ఈ రోజుల్లో దొరకదు. మళ్లీ అలా మెరిపించగలిగిన చెయ్యి కూడా ఈ చుట్టుపక్కల నాదొక్కటే.

బల్లలయ్యాక మేనేజరమ్మ కాగితం పరిచింది. "హాలుకి అడ్డంగా, నిలువుగా చెక్కగోడలు వెయ్యాలి మేస్త్రీగారూ. నాలుగు గదులు రావాలి."

నేను కాగితం వెనక్కి జరిపాను. "హాలు హాలుగానే ఉంటే బాగుంటుందేమోనమ్మా."

"ఖాళీగా ఉంచితే ఏం లాభం?"

తలుపు ఎందుకుండాలో అడిగితే చెప్పగలను. ఖాళీ ఎందుకుండాలో ఏమని చెప్పను? చెల్లెలి సంగతి చెబుదామంటే, మా ఇంటి మనిషి కోసం అడుగుతున్నానని అనుకుంటుంది. సుద్ద పూసిన దారం లాగి నేల మీద గీతలు కొట్టాను. నా గీత ఎప్పుడూ వంకరపోదు, ఆ రోజూ పోలేదు.

మధ్యాహ్నం చెల్లెలు వచ్చింది. చీపురు పట్టుకుని గీతల ముందు ఆగిపోయింది.

"ఏంటన్నయ్యా ఇవి?"

"గోడలొస్తాయి. నాలుగు గదులు."

"ఎవరు కడతారు?"

"ఇంకెవరు?"

"అయితే బాగా వస్తాయి" అంది.

నా జన్మలో నా పనికి ఎందరో మెచ్చుకోలు చెప్పారు. ఆ మాటంత కష్టం ఏదీ పెట్టలేదు. తను గీతలు చెరగకుండా వాటి చుట్టూ ఊడ్చుకుంటూ పోయింది. ఆ హాలు పోతే తనకి వెళ్లడానికి ఇంకో చోటు లేదు. ఆ సంగతి నాకు తెలుసు, నాకు తెలుసని తనకీ తెలుసు.

మర్నాడు కలప దింపారు. పని మొదలుపెట్టాల్సిన వేళ మేనేజరమ్మ తన ఊరి నుంచి వస్తూనే కారు దిగి తిన్నగా హాల్లోకి వచ్చింది. మొహం పీక్కుపోయి ఉంది. ఫోన్లు పక్కన పడేసి నడిమధ్య బల్ల మీద కూలబడింది. "ఒక్క నిమిషం కళ్లు మూసుకుంటాను" అంది ఎవరితోనో.

చెల్లెలు అప్పటికే దగ్గరికి వెళ్లింది. "ఎప్పటికి లేపమంటారు?"

ఆ ప్రశ్న ఆ హాల్లో విని ఎన్నేళ్లయిందో. నా చేతిలో రంపం అలాగే ఆగిపోయింది.

"కరెంటతను రాగానే" అని ఒక పక్కకి ఒరిగింది మేనేజరమ్మ. ఒరగడమే తెలుసు ఆవిడకి.

బల్ల మీద ఫోను తేనెటీగలా గుయ్యిమంది. చెల్లెలు దాన్ని తీసి, బస గదుల కోసం మా బావగారు అప్పుడే కుట్టి తెచ్చిన దిండు గలేబులో చుట్టి, ఇంకో గలేబు కప్పింది. గుయ్యిమనడం ఎక్కడో దూరంగా, పొలాల అవతలికి పోయినట్టయింది.

కాసేపటికి కరెంటతను వచ్చాడు. "అమ్మగారు రమ్మన్నారు."

చెల్లెలు వేలు పెదవుల మీద పెట్టింది. "కూర్చో నాయనా."

నేను దగ్గరికెళ్లి గొణిగాను. "వచ్చాడుగా, లేపవేం?"

"ఇది లేపే నిద్ర కాదన్నయ్యా. ఊపిరి చూడు."

చూశాను. అడుగు అందని నూతిలోకి చేద దిగుతున్నట్టుంది ఆవిడ ఊపిరి. ఇన్నేళ్లలో చెప్పిన వేళకి ఒక్క మనిషినీ లేపకుండా వదలని నా చెల్లెలు, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

మేకు కొట్టలేను, రంపం లాగలేను. బల్ల మీద కూర్చున్నాను. కరెంటతను తీగచుట్ట మీద గోడకి చేరబడ్డాడు. రంగులతను నిచ్చెన దిగి వచ్చి ఏమైందని సైగ చేశాడు, జవాబు వినకుండానే ఒరిగిపోయాడు. మా బావగారు మెళ్లో టేపు అలాగే ఉండగా గురక మొదలుపెట్టారు, చెల్లెలు ఆయన తల కొంచెం పక్కకి తిప్పింది. గాలికిటికీల్లోంచి గాలి దిగుతోంది. రంగుటద్దాల వెలుతురు నిద్రపోతున్న మనుషుల మీదుగా పాకుతోంది. కొండ అవతల బండి కూసింది. నాకూ కన్నంటుకున్నట్టుంది. హాలే కదిలినట్టు, నేల మీద జరుగుతున్న ఆ ఎరుపూ పసుపూ కిటికీ బయట వెనక్కి పోతున్న పొలాలైనట్టు, మేమంతా ఎక్కడికో హాయిగా వెళుతున్నట్టు తోచింది. ఎక్కడికని అడగబుద్ధి కాలేదు. గుమ్మం దగ్గర ఒక మనిషి మెలకువగా ఉందని మాత్రం తెలుస్తోంది.

పొద్దు వాలుతుండగా మేనేజరమ్మ తనంతట తనే లేచింది. చుట్టూ చూసి కంగారుపడింది. "కరెంటతను రాలేదా?"

"వచ్చాడమ్మా, అదిగో." తీగచుట్ట మీద నోరు తెరుచుకుని ఉన్నాడు వాడు.

"మరి లేపలేదేం? లేపమన్నాను కదా."

"మీ బండి ఇంకా రాలేదమ్మా" అంది చెల్లెలు.

ఆవిడకి కోపం రావాలి. వచ్చింది కూడా, కనుబొమల దాకా వచ్చి ఆగింది. చేత్తో మొహం తుడుచుకుంది. "నేను ఇలా నిద్రపోయి ఎన్నాళ్లయిందో మీకు తెలీదు పిన్నిగారూ."

"మొహం చూస్తే తెలుస్తోందమ్మా."

ఆవిడ తను పడుకున్న బల్లని చూసింది, దాని కింద నుంచి ఇటూ అటూ పోతున్న నా సుద్దగీతని చూసింది. "గోడ వస్తే ఈ బల్ల ఏ గదిలోకి వస్తుంది మేస్త్రీగారూ?"

"ఏ గదిలోనూ పట్టదమ్మా. కోసెయ్యాలి."

ఆవిడ అరచేత్తో చెక్కని రాసింది. "ఇవాళ్టికి కోయకండి" అంది.

కొన్నాళ్లు పని ఆగింది. మేనేజరమ్మ కంపెనీవాళ్లతో వాదించడానికి వెళ్లింది. ఏమవుతుందో తెలీదు. చెల్లెలు రోజూ వచ్చి, గీతల చుట్టూ అలాగే ఊడ్చింది. ఆవిడ తిరిగొచ్చి చెప్పు అంచుతో గీతని ఒక్క రాపు రాసి చెరిపినప్పుడు, నేను చెల్లెలి వైపు చూడలేకపోయాను. తను మాత్రం తడిగుడ్డ తేవడానికి వెళ్లింది.

గదులు పార్సిలాఫీసులోకి, సరుకుల కొట్టులోకి మారాయి. ఆ చెక్కగోడలు నేనే వేశాను, రెండు గదుల మధ్య గుసగుస కూడా దాటదు. ప్లాట్‌ఫారం మీద సాయంత్రాలు పిల్లలు చదువుకుంటారు, పెద్దలు పేకాడతారు. హాలు అందరిదీ. బస దిగినవాళ్లూ, కూరగాయల సంచీలతో ఊరివాళ్లూ ఒకే బల్ల మీద ఆ చివరా ఈ చివరా కునుకు తీస్తారు. గుమ్మం పక్కన మా చెల్లెలికి నేను చేసిన పీట ఉంది. జీతం మాటకొస్తే, మేనేజరమ్మే చెల్లెలి ఉద్యోగానికి పద్దులో ఏం పేరు పెట్టాలో తెలీక ఇంకా తంటాలు పడుతోంది.

హైస్కూలు బల్లలు, సినిమాహాలు గుమ్మం, ఆస్పత్రి కిటికీలు, కోర్టు బోను. ఎవరైనా అడిగితే ఈ వరసలో చెప్పి, చివర్లో వెయిటింగ్ హాల్లో నేను కట్టని గోడ కూడా చెబుతాను. వినేవాళ్లు ముసలాయనకి మతి తప్పిందనుకుంటారు. అనుకోనీ.

నిన్న మధ్యాహ్నం నేనూ వెళ్లి నడిమధ్య బల్ల మీద నడుం వాల్చాను. చెల్లెలు వచ్చి నిలబడింది.

"ఎప్పటికి లేపమంటావన్నయ్యా?"

"బావ టీ తెస్తానన్నాడు. తేగానే లేపు."

"అయితే రేపటి దాకా పడుకో" అంది.