మస్తాన్ డబ్బాకు జరిగిన అవమానం

కిందటేడు నా బాల్యమిత్రుడు, ఉదయగిరి రేడియో మెకానిక్ మస్తాన్, ఆత్మకూరు కాలేజీ వేడుకలో తను తయారుచేసిన వాయిద్యం వాయించాడు. పాత రేడియో సామాన్లను స్టీలు టిఫిన్ డబ్బాలో అమర్చి చేశాడు దాన్ని. నాబ్‌లు తిప్పితే ఈలలు, ఉరుములు పలుకుతాయి. వాడు సాధన చేస్తుంటే, ఏ పాటకు ఏది ఎంత తిప్పాలో ఏడాదిపాటు నా డైరీలో రాసిపెట్టాను.

మొదటి ఈల సన్నగా లేస్తుండగానే మైకుసెట్టు అతను పరుగెత్తుకొచ్చి డబ్బాకు తగిలించిన తీగ పీకేశాడు.

"మైకు కుయ్యిమంటా ఉండాది. సరిచేసినాను సార్!" అన్నాడు.

సభంతా చప్పట్లు!

"అది పాటరా! మళ్ళీ తగిలించు!" అని అరిచాను. నిర్వాహకులు పట్టించుకోకుండా సన్మానాలు మొదలుపెట్టారు.

"పోనీలేరా, పాపం వాడి పని వాడు చేసినాడు" అంటూ మస్తాన్ డబ్బా మూశాడు.

ఆ చప్పట్లు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. నచ్చకపోతే లేచిపోవచ్చు. వినకముందే బాగుచేయడానికి వాళ్ళెవరు?