పండగకు ముందే కొరికిన మామిడికాయ

గుమ్మలక్ష్మీపురం హాస్టల్లో నేను టీచరుగా ఉన్నప్పుడు, అక్కడ వంట చేసే ఆమె పిల్లల కామిక్ పుస్తకాలు ఒక్కటీ వదిలేది కాదు. పేజీ తిప్పే ముందు ప్రతిసారీ చెయ్యి కొంగుకు తుడుచుకునేది.

ఒక ముసుగు వీరుడి కథల్లో అతని వెనక తిరిగే కొండపిల్లకు ఆ ఏడాది విడిగా పుస్తకం వేశారు. పాఠకులను అభిప్రాయాలు రాయమన్నారు. పిల్లలంతా బ్రహ్మాండం అన్నారు. ఆమె మాత్రం మొదటి బొమ్మ మీదే వేలు పెట్టింది. అందులో ఆ పిల్ల చెట్టెక్కి మామిడికాయ కొరుకుతోంది.

"మామిడి కొత్తల పండగ నాలుగో పేజీలో కదా సారూ! ముందే తినేసిందేటి? అమ్మోరికి తొలికాయ పెట్టకుండా మా కొండోల గుంట కాయ ముట్టదు."

"పదిమంది దొంగల్ని ఒక్కతే కొట్టింది కదమ్మా!"

"కొట్టనీండి. కాయ మాత్రం ముట్టదు. రాయండి."

'చిన్న పొరపాటు' అని రాశాను. నా చేతిలో పెన్ను లాక్కుని 'చిన్న' కొట్టేసింది.

నెల తర్వాత పుస్తకం వేసినవాళ్ల జవాబు వచ్చింది. పాఠకులు ఇలాంటివి పట్టించుకోరట.

ఆమె చదివి, చెయ్యి కొంగుకు తుడుచుకుంది.

"మరి నానెవుల్ని? కాయితం తెండి సారూ. ఈపాలి నానే రాత్తాను."