ఈ బీము అయిపోనీ

ఇవాళ సాయంత్రం బాబుకు జ్వరం దిగక, వాడి నుదుటి మీద చేయి పెట్టి పెదవుల్లోనే ప్రార్థన చేసుకుంటుంటే అత్తమ్మ గడపలో నిలబడి చూసింది.

"ఏందే పిల్లా, పోరని మీద చెయ్యి పెట్టి గొణుగుతున్నవ్? మంత్రాలు గిట్ట నేర్చినవా?" అని నవ్వుతూనే అడిగింది.

"ఏం లేదత్తమ్మా. వీని పుట్టెంటికలు అయిపోనీ, అన్నీ చెప్త," అన్నాను.

ఆమె తన పనికి తాను వెళ్లిపోయింది. అయిపోనీ అన్నది మా నాన్న మాట. అది నా నోట్లోంచి అంత సులువుగా వచ్చింది. మా ఆయన నైట్ పాళీకి వెళ్లారు, బాబు కొంచెం కునుకు తీశాడు, నాకు నిద్ర రాక ఇది రాస్తున్నాను.

నాన్నను మేము బాపు అంటాం. కరీంనగర్ వైపు నుంచి బతకడానికి సూరత్ వచ్చి, భేస్తాన్‌లో ఒక మగ్గాల కార్ఖానాలో పన్నెండు గంటల పాళీ చేసేవాడు. బీమంటే పడుగు దారమంతా చుట్టి ఉండే పెద్ద రోలర్. ఒక బీము ఎక్కించాక అది మొత్తం నేసి దించేదాకా బాపు ఒక్క రోజు కూడా మానేవాడు కాదు, మధ్యలో ఇంకొకరి చేయి పడితే బట్టలో గీత కనబడుతుందని ఆయన నమ్మకం. అమ్మతో పాటు ఆయన కూడా ప్రభువును నమ్మాడు, మా గల్లీ చివరి గదిలో జరిగే ప్రార్థనలో అందరికంటే గట్టిగా పాడేవాడు, కానీ బాప్తిస్మం మాట వస్తే మాత్రం బీము అడ్డం వచ్చేది. అమ్మ ఆయన బాప్తిస్మం కోసం తెల్ల లాల్చీ, పంచె కొని ట్రంకు పెట్టెలో పెట్టింది. ప్రతి నెలా తీసి, నీలిమందు పెట్టి ఉతికి, మళ్లీ మడత పెట్టేది.

"ఏందే, దేవుడు సూరత్ ఇడిసి యాడికన్న పోతుండా? జర ఈ బీము అయిపోనీ," అనేవాడు.

"ఆయన పోడు. పోతే మనమే పోతం," అనేది అమ్మ.

నేను డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతూ వేసవి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు, బాప్తిస్మానికి ఒక ఆదివారం ఖాయం చేశారు. బట్టలు దండెం మీదికి వచ్చాయి. శనివారం రాత్రి బాపు మాట మార్చాడు, బీము ఇంకా నాలుగు రోజులది ఉందన్నాడు. మరునాడు ఆయన కార్ఖానాకు పోయాడు, అమ్మ ఒక్కతే ప్రార్థనకు వెళ్లింది. నేను బియ్యం ఏరుతుంటే కార్ఖానా మనిషి పరుగెత్తుకొచ్చాడు. మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే ఇనుప మొనల నాడె ఎగిరి బాపు కణతకు తగిలిందని చెప్పాడు. నేను చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయాను.

పదకొండు రోజులు ఆసుపత్రి వరండాలో కూర్చున్నాం. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ లేచి నిలబడేదాన్ని. ఆయన బతికాడు. వేసుకొచ్చిన బట్టలు నెత్తురుతో పాడైపోతే, అమ్మ ఆ తెల్ల లాల్చీ, పంచె తెచ్చి కట్టించి ఇంటికి తీసుకొచ్చింది. ఆయన నోట్లో ఒకే ఒక్క మాట మిగిలింది. నీళ్లు తాగుతావా అంటే అయిపోనీ, నేనెవరిని బాపూ అంటే అయిపోనీ. సంఘం పెద్దాయన వచ్చి, ప్రభువును నమ్ముతున్నావా తమ్ముడూ అని అడిగినప్పుడు కూడా అదే మాట, కళ్ల నుంచి నీళ్లు కారుతుండగా. దేవుడు నాలుకను కాదు, గుండెను చూస్తాడని పెద్దాయన ఇంట్లోనే బాప్తిస్మం ఇచ్చాడు. అమ్మకు నెమ్మది దొరికింది. నాకు దొరకలేదు. దేవుని దయ మీద అనుమానం ఉండి కాదు, తన కాళ్లతో నీళ్లలోకి నడిచి, తన నోటితో ఒప్పుకునే రోజులు ఎన్ని ఆయన చేతుల్లో ఉండేవో నాకు తెలుసు కనుక.

అయినా నేనేం చేశాను? సంబంధం కుదిరినప్పుడు మా విశ్వాసం సంగతి పెళ్లయ్యాక చెప్పవచ్చన్నారు మావాళ్లు, ఊరుకున్నాను. పెళ్లయ్యాక మా ఆయనతో చెప్పాను; మా అమ్మకు నువ్వే చెప్పుకో అన్నారాయన. కాన్పు కానీ అనుకున్నాను, కాన్పయింది. అత్తమ్మ మంచిదే, అందుకే మరీ భయం. వచ్చే నెల పుట్టెంటికలు తీయించి మొక్కు తీర్చడానికి కొండకు వెళ్లాలని ఆమె మనవడికి చొక్కా కూడా కుట్టించింది. ఆ చొక్కా చూసినప్పుడల్లా నాకు ఆ తెల్ల లాల్చీ గుర్తొస్తుంది. నేను చెబితే ఈ ఇంట్లో నా చోటు ఉంటుందో లేదో, బిడ్డను నా ఒడిలో ఉండనిస్తారో లేదో తెలియదు.

బాపు ఇప్పుడు రోజంతా మా పుట్టింటి గుమ్మం ముందు మంచం మీద కూర్చుంటాడు. దించాల్సిన బీమంటూ లేదు. ఆయన కోరుకున్న తీరిక అంతా వచ్చింది. ఆ గట్టి గొంతు మాత్రం లేదు. అమ్మ ఆదివారం ఆదివారం ఆయనకు ఆ తెల్లబట్టలే కట్టిస్తుంది.

వంటింట్లో బిందె మీద మూత చప్పుడైంది. అత్తమ్మ నీళ్లకు లేచినట్టుంది. పొద్దున చెబితే పోదా అంటోంది మనసు. ఆ గొంతు ఎవరిదో నాకు తెలుసు. ఆమె దీపం ఆర్పకముందే వెళ్లి చెప్పాలి.