ఎదురింటి వరస

ఆ రోజుల్లో డబ్లిన్‌లో దిగిన తెలుగు కుర్రాడికి ముందు గది దొరకాలి, తరవాత బస్సు కార్డు, ఆ తరవాత గాలికి తిరగబడని గొడుగు (ఇది నాకు ఇప్పటికీ దొరకలేదు). వీటన్నిటికన్నా ముందు నాకు పిన్ని దొరికింది. సొంత పిన్ని కాదు. బ్లాంచర్డ్స్‌టౌన్‌లో వాళ్లింటి పై గది నేను అద్దెకు మాట్లాడుకున్నాను, అంతే. మా అమ్మా ఆవిడా ఒకే ఊళ్లో పుట్టారన్న సంగతి ఎయిర్‌పోర్టు నుంచి వస్తున్న దారిలో కనిపెట్టి, కారు ఇంటి ముందు ఆగేలోపు నాకు పిన్ని అయిపోయింది. అద్దెకు దిగాల్సినవాణ్ణి ఆ ఇంటి కొడుకు వరసలో దిగాను. ఆవిడ భర్త ఆసుపత్రిలో డాక్టరు, చాలా తక్కువ మాట్లాడే మనిషి. ఆయన నాకు బాబాయి అయ్యారు. ఈ విషయంలో ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

పిన్నికి అంకుల్, ఆంటీ అనే పిలుపులు గిట్టేవి కావు. "అందరూ అంకుళ్లే అయితే ఎవరు ఎవరో ఎట్లా తెలుస్తుందిరా? మేనమామకీ, పోస్టు తెచ్చేవాడికీ తేడా ఉండొద్దూ?" అనేది. షాపింగ్ సెంటర్లో ఎవరైనా తెలుగులో మాట్లాడుతూ కనిపిస్తే పాల దగ్గర పలకరించి, గుడ్ల దగ్గర ఊరు కనుక్కుని, బిల్లు కట్టే చోటికి వచ్చేసరికి వరస తేల్చేసేది. రక్తసంబంధమే ఉండాలని పట్టింపేమీ లేదు. ఒకే వీధిలో పెరిగినా, ఒకే బళ్లో చదివినా, ఒకే హాస్టల్లో ఉన్నా ఆవిడ దృష్టిలో వరస వరసే. ఒకసారి తేల్చిందంటే ఇక మార్పు ఉండదు. వరసలు తేల్చే పని లేనప్పుడు మాత్రం ఐర్లండ్ గాలిని తిట్టేది. "పెళ్లైన కొత్తలో తెనాల్లో మా బావగారింట్లో ఉండేవాళ్లం. వీధి తలుపు తీస్తే చాలు, ఎంత చల్లటి గాలొచ్చేదో! ఇదీ ఉంది ఎందుకు, మొహం కోసెయ్యడానికి" అని కిటికీ మూసేది. ఈ తెనాలి గాలి కథ నేను చాలాసార్లు విన్నాను. విన్నానే గానీ ఆలోచించలేదు.

నేను చేరింది టాలట్‌లో ఒక కోర్సు. వేరే డిగ్రీలు చదివి దారి తప్పినవాళ్లని కంప్యూటర్ల వైపు మళ్లించే కోర్సు అది. నాది మైక్రోబయాలజీ. మొదటి టర్ములోనే సెట్లు, రిలేషన్లు అని ఒక పాఠం పెట్టారు. రెండు గుండ్రాలు గీసి మధ్య భాగానికి గీతలు కొట్టడం వరకు బాగానే నడిచింది. ఆ తరవాత ఒక సెట్లోంచి ఇంకో సెట్లోకి బాణాలు వెయ్యడం మొదలైంది, అక్కణ్ణుంచి నాకు ఏదీ కనపడలేదు. మా లెక్చరర్ చాలా మంచివాడు, ఎవరు ఏ జవాబు చెప్పినా "గ్రాండ్" అనేవాడు. క్లాసు టెస్టులో నా పేపరు చేతికిస్తూ ఆయన ఏమీ అనలేదు. అప్పుడు నాకు భయం వేసింది.

మా క్లాసులోనే ఒక గుంటూరు అమ్మాయి ఉండేది. ఇంటర్లో లెక్కలు చదివినదని నేను ఎంపీసీ అని పిలిచేవాణ్ణి. నన్ను బైపీసీ అనేది. నాకు ఆ అమ్మాయంటే చాలా ఇష్టం. ఈ సంగతి ఆ అమ్మాయికి చెప్పాలని లువాస్ ట్రాములో రోజూ అనుకుని, స్టాపు రాగానే మానేసేవాణ్ణి. నా టెస్టు పేపరు చూసి, "నీ బాణాలన్నీ నీ మీదకే తిరిగొస్తున్నాయి. ఆదివారం మీ ఇంటికొచ్చి ప్రాక్టీస్ చేయిస్తా. మీ పిన్నిగారు గోంగూర చేస్తారని విన్నా" అంది. ఫెయిలైనందుకు అంతగా సంతోషించినవాణ్ణి నేనొక్కణ్ణే అయివుంటాను.

ఆ ఆదివారం వంటింటి బల్ల దగ్గర పాఠం మొదలైంది. మొదట ఖాళీ సెట్టు. అందులో ఎవరూ ఉండరు కాబట్టి, అందులో ఉన్నవాళ్ల గురించి నువ్వేం చెప్పినా నిజమేనంది. నేను ఒప్పుకోలేదు. "సరే, ఈ వారం ఎండ కాసిన రోజులన్నింట్లోనూ నేను ఉపవాసం ఉన్నా. అబద్ధమని నిరూపించు" అంది. నేను కిటికీలోంచి బయటికి చూశాను. వారమంతా చినుకు తెరిపి ఇవ్వలేదు. "నిజమే" అన్నాను. "చూశావా, పట్టుకోడానికి ఒక్క రోజైనా ఉండాలిగా" అంది. అది నాకు అర్థమైన మొదటి సిద్ధాంతం.

తరవాత రిలేషన్లు. నేను నీకు ఏమవుతానో నువ్వూ నాకు అదే అయితే సిమెట్రిక్. ఒకరి నుంచి రెండోవారికి, రెండోవారి నుంచి మూడోవారికి సంబంధం ఉంటే, మొదటివారి నుంచి మూడోవారికీ ఉన్నట్టయితే ట్రాన్సిటివ్. (అంటువ్యాధులు చదువుకున్నవాణ్ణి కనక ఇది నాకు తొందరగా ఎక్కింది.) సరిగ్గా అప్పుడే పిన్ని గోంగూర గిన్నె పట్టుకుని వచ్చి, "మీదేవూరమ్మా?" అంది. ఆపుదామనుకునేలోపే అమ్మగారి ఊరు, తాతగారి ఉద్యోగం, అమ్మగారు చదివిన కాలేజీ వరసగా బయటికి వచ్చేశాయి. "ఆ హాస్టలా! మా పెద్దక్క కూడా అక్కడే! మీ అమ్మా మా అక్కా ఒకే గదిలో ఉన్నారు కదుటమ్మా! అక్కా చెల్లీ అనే పిలుచుకునేవాళ్లు. అయితే మీ అమ్మ నాకూ అక్కే. నువ్వు నా కూతురువి" అని ఆ అమ్మాయి తల నిమిరి, నా వైపు తిరిగి, సంతోషం పట్టలేక, "ఒరేయ్, నీకు చెల్లెలు దొరికిందిరా!" అంది.

నేను గోంగూర వైపు చూస్తూ కూర్చున్నాను. ఎంపీసీ మాత్రం పెన్ను తీసి, "మంచి ఉదాహరణ దొరికింది" అని పిన్ని నుంచి నాకొక బాణం, తనకొక బాణం గీసింది. ఇద్దరం ఒకే గుంపులో పడ్డాం. "తోబుట్టువులు అనేది సిమెట్రిక్. ట్రాన్సిటివ్ కూడా. అర్థమైందా?" అంది. అర్థమైందన్నాను. నా బతుకులో అంత బాగా అర్థమైన లెక్క ఇంకోటి లేదు.

ఆ తరవాతి ఆదివారాలు ఎలా గడిచాయో చెప్పుకుంటే ఇప్పటికీ నాకు నా మీద జాలి వేస్తుంది. "చెల్లికి పప్పు వెయ్యరా", "చెల్లిని బస్సు దాకా దింపిరారా" అని పిన్ని పురమాయించేది. పైన ప్రెస్సులో (ఇక్కడ అల్మరాని అలాగే అంటారు) ఉన్న నెయ్యి సీసా అందుకోమన్నా అందులో చెల్లి ఉండేది. నేను తప్పించుకునే దారి కోసం రాత్రింబవళ్లు పాఠం చదివాను. ఒక వారం నాకు ఒక పాయింటు దొరికింది. "ఎవడికి వాడు తోబుట్టువు కాడు కదా! అంటే ఇది రిఫ్లెక్సివ్ కాదు. మూడు గుణాలూ లేకపోతే ఈక్వివలెన్స్ రిలేషన్ కానే కాదు!" అని రొప్పుతూ చెప్పాను. ఎంపీసీ నన్ను కాసేపు చూసి, "కరెక్టే. కానీ దానివల్ల నువ్వు నీకు అన్నయ్యవి కాకుండా పోయావు. నాకు కాదు" అంది. ఆ రోజు నేను అన్నం సరిగా తినలేదు. పిన్ని రెండుసార్లు నా మొహం చూసింది. బాబాయి కూడా పేపరు కొంచెం కిందికి దించి చూశారు.

పరీక్షకు ముందు ఆదివారం అందరం భోజనాలకి కూర్చున్నాం. ఎంపీసీ చాలా మామూలుగా చెయ్యి చాచి, "మావయ్యా, ఆ పెరుగు ఇటిస్తారా?" అంది బాబాయితో.

"బాబాయి అనాలి" అన్నాను నేను. (అవును, నేనే అన్నాను. వరసల దాకా వస్తే క్రమశిక్షణ ఉండాలని ఆ ఇంట్లో నేర్చుకున్నాను.)

"నిన్న అమ్మతో మాట్లాడాను" అంది ఎంపీసీ. "మావయ్యగారి అన్నయ్య ఇల్లు తెనాల్లోట కదా. చిన్నప్పుడు మా అమ్మవాళ్లు వాళ్ల ఎదురింట్లోనే ఉండేవారట. ఆయన్ని అన్నయ్యా అనే పిలిచేదట. అంటే మావయ్యగారికి కూడా మా అమ్మ అక్కే కదా. పిన్నిగారు చెప్పినట్టు ఒక వీధిలో పెరిగితే వరస వరసే."

పిన్ని చేతిలో గరిటె ఆగింది. బాబాయి వైపు చూసింది. ఆయన పెరుగు గిన్నె ఎంపీసీ ముందు పెట్టి, మజ్జిగ మిరపకాయ కొరికి, తీరిగ్గా నమిలి, "ఊఁ. ఎదురిల్లే" అన్నారు. ఆ వారంలో ఆయన మాట్లాడిన పెద్ద మాట అదే.

ఎంపీసీ నా వైపు తిరిగింది. "బైపీసీ, ఇది పరీక్షలో వస్తుంది. మా అమ్మ, పిన్నిగారు తోబుట్టువులు. మా అమ్మ, మావయ్యగారు తోబుట్టువులు. సిమెట్రిక్, ట్రాన్సిటివ్. ఏమొచ్చింది?"

ఒక లెక్క నా అంతట నేను చేయబోతున్నానన్న ఉత్సాహంలో నాకు వెనకాముందూ కనపడలేదు. వేళ్ల మీద బాణాలు వేసుకుని, "పిన్నీ బాబాయీ అన్నాచెల్లెళ్లు!" అని గట్టిగా చెప్పాను.

కుక్కరు విజిలు వేసింది. బాబాయి చెయ్యి కడుక్కోవడానికి లేస్తూ, "ఈ సంగతి పదేళ్ల కిందట చెప్పుంటే బాగుండేది" అన్నారు.

"నోర్ముయ్యండి" అంది పిన్ని. ఆవిడ మొహం ఎర్రబడింది. నేను తప్పు చేశానని నాకు అప్పుడు తెలిసింది, ఏం తప్పో తెలియలేదు. ఎంపీసీ ఎంతో వినయంగా, "రెండూ కలిసి ఉండవు పిన్నిగారూ. ఏదో ఒకటి వదులుకోవాలి" అంది. పిన్ని ఆ అమ్మాయిని చూసింది, నన్ను చూసింది, నా కంచంలో కలిపి వదిలేసిన అన్నాన్ని చూసింది. అంతవరకు తేల్చిన వరసని వెనక్కి తీసుకోవడం నేనెన్నడూ చూడలేదు. "హాస్టల్లో పిల్లలు సరదాకి సవాలక్ష పిలుచుకుంటారులే. అదీ ఒక వరసేనా? ఎదురిల్లంటే ఎదురిల్లే" అంది. "ఇకనించి నన్ను అత్తయ్యా అనమ్మా."

ఎంపీసీని బస్సు స్టాపు దాకా దింపడానికి వెళ్లాను. సన్నగా తుంపర. నాకు దిగులు తగ్గలేదు. "బాబాయి నీకు మావయ్య, పిన్ని నీకు అత్తయ్య. సరే. మరి నేనేమవుతాను?" అన్నాను. "అది హోంవర్కు" అని ఎంపీసీ బస్సెక్కేసింది. నేను స్టాపులోనే నిలబడి మొదటినుంచి చేసుకుంటూ వచ్చాను. మేనమామ. ఆయన కొడుకు వరస నేను. మేనమామ కొడుకు. రెండుసార్లు సరిచూసుకున్నాను, అదే జవాబు వచ్చింది. ఇంటికి వచ్చేసరికి నిలువునా తడిసిపోయాను, గొడుగు చేతిలోనే ఉంది. తలుపు తీసిన బాబాయి, "తేలిందా?" అన్నారు. తేలిందన్నాను. తువ్వాలు ఇచ్చి లోపలికి వెళ్లిపోయారు.

పరీక్ష పాసయ్యాను. 'సోదరుడు అనేది ఎలాంటి రిలేషన్' అన్న ప్రశ్నకి నేను మూడు పేజీలు రాస్తే, ఆసక్తికరంగా ఉంది గానీ ఇది మేం అడగలేదని లెక్చరర్ పక్కన రాశాడు. తరవాత పెళ్లి కూడా అయింది. పిన్ని ఎవరి తరఫున కూర్చోవాలో తేలక రెండు వైపులా కూర్చుంది.

పోయినేడు సెలవులకి వెళ్లినప్పుడు బాబాయి అన్నయ్యగారు భోజనానికి పిలిస్తే తెనాలి వెళ్లాం. నేను ఆ ఇల్లు చూడటం అదే మొదటిసారి. కారు దిగగానే మా అమ్మాయి తన డబ్లిన్ యాసలో, "నాన్నా, విచ్ వన్ వాజ్ అమ్మమ్మాస్ హౌస్?" అంది. చూపిద్దామని వెనక్కి తిరిగాను. ఎదురుగా కాలువ ఉంది. కాలువ అవతల కూడా ఇల్లు లేదు, పొలాలు. నిన్నో మొన్నో తవ్విన కాలువ కాదది. చల్లటి గాలి వచ్చింది.

ఎంపీసీ కాలువ నీళ్ల వైపు చూస్తోంది, నా వైపు చూడలేదు. ఆ ఎదురింట్లో ఉన్నవాళ్లందరూ ఈ ఇంటాయన్ని అన్నయ్యా అనే పిలిచి ఉంటారు. అబద్ధమని నిరూపించడానికి ఒక్కరైనా ఉండాలిగా. ఎదురిల్లే అన్న బాబాయి ఈ ఇంట్లోనే పుట్టి పెరిగారు. అది అర్థమై నవ్వు రాబోతుంటే పిన్ని గుర్తొచ్చింది. పెళ్లైన కొత్తలో ఈ గుమ్మంలోనే ఆవిడ రోజూ తలుపు తీసింది. తీసిన ప్రతిసారీ ఈ కాలువనే చూసింది. గాలి గురించి నాకు అన్నిసార్లు చెప్పింది.

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ వంటింట్లో ఆ రోజు అసలు సంగతి తెలియనివాళ్లందర్నీ ఒక సెట్టుగా రాస్తే, అందులో ఒక్కడే ఉంటాడు, కంచం ముందు కూర్చుని వేళ్ల మీద బాణాలు లెక్కపెట్టుకుంటూ.